గడప ముందు చెప్పులు, గిన్నె అడుగున పేరు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట లాక్కుని గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకున్నా నేనేమీ అనుకోను. ఒళ్లో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీస్తూ వినండి. ఊరికే కూర్చుని వినేవాళ్లకంటే చేతికి పనున్నవాళ్లకే మాట బాగా ఎక్కుతుంది. నేను చదివింది అయిదో తరగతి. అది కూడా మూడు నెలలు తక్కువ. రాయమంటే మెల్లగా కూడబలుక్కుని రాస్తాను. కానీ ఒకసారి విన్నది మాత్రం మరిచిపోను. అదే నాకు మంచీ చేసింది, చెడూ చేసింది.

తొంభైల చివర్లో తార్నాకలో ఎటు చూసినా ఇంటర్నెట్ బోర్డులు లేస్తున్నాయి. నిన్నటిదాకా జిరాక్స్ తీసినవాడు ఇవాళ ఇంటర్నెట్ అంటున్నాడు. మా ఇల్లు చౌరస్తా నుంచి లోపలికి రెండు గల్లీలు తిరిగితే వస్తుంది. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. పొద్దున ఏడుకు సైకిలెక్కితే సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ. ఇల్లు ఖాళీగా ఉంటే ఉండనీ గానీ పొయ్యి ఖాళీగా ఉండటం నాకు నచ్చదు. అందుకని ఆ బోర్డులకు పన్నెండేళ్ల ముందే యూనివర్సిటీ పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలుపెట్టాను. బోర్డు కట్టలేదు. ఒకడు తిని ఇంకొకడికి చెప్పాడు, వాడు ఇంకొకడికి చెప్పాడు. అట్లా పన్నెండు మంది అయ్యారు. పన్నెండుకు మించి ముందు గదిలో మోకాళ్లు పట్టవు.

మా మెస్సుకు పద్ధతులు కొన్ని ఉండేవి. ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి. చెప్పులు గడప బయటే విడవాలి. వెంట స్నేహితుణ్ణో, ఊరి నుంచి వచ్చిన నాన్ననో తెస్తే ముందుగా చెప్పనక్కర్లేదు. వచ్చిన మనిషిని నేను తిన్నావా అని అడగను. మా అత్తగారు నేర్పిన మాట అది. అడిగితే లేదనడానికి సిగ్గుపడి తిన్నానంటాడు, అందుకని అడగకుండా కంచం పెట్టేయాలి. అన్నం రోజూ నలుగురికి ఎక్కువే వండేదాన్ని. కూర సర్దుకునేవాళ్లు. సాగేది పప్పుచారు ఒక్కటే.

ఆ సాగదీయడానికి నా దగ్గర ఒక లెక్క ఉండేది. మా వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడితే నడవలోంచి గడప ఒక్కటే కనిపిస్తుంది. తినేవాళ్లు కనిపించరు, వాళ్ల చెప్పులు కనిపిస్తాయి. పన్నెండున్నరకు ఒకసారి తొంగి చూసి జతలు లెక్కపెట్టేదాన్ని. పన్నెండుంటే చారు అట్లాగే దించేదాన్ని. పదమూడో జత నుంచి జతకొక గ్లాసు మరిగిన నీళ్లు, చిటికెడు ఉప్పు, రవ్వంత చింతపండు రసం పోసి ఇంకొక పొంగు రానిచ్చేదాన్ని. మామూలు రోజున ఒకటో రెండో జతలు ఎక్కువుండేవి. పరీక్షల రోజుల్లో నాలుగు. పన్నెండేళ్లు ఆ లెక్క తప్పలేదు.

ఆ ఏడు మా మేడ మీది గదిలోకి ఒక సారు అద్దెకు దిగాడు. యూనివర్సిటీలో పిల్లలకు రాయడం నేర్పే సారు. పెళ్లి కాలేదు. పుస్తకాలు మూడు పెట్టెలు, గిన్నెలు రెండు. మెట్ల మొదట్లో గోడ గూట్లో మా అమ్మవారి పటం ఉండేది, కింద మెట్టు మీద రోజూ ముగ్గేసేదాన్ని. కాబట్టి మీరైనా, మీ కోసం వచ్చేవాళ్లయినా చెప్పులు మా గడప పక్కనే విడిచి ఎక్కాలి అని చెప్పాను. ఆయన సరేనన్నాడు. అద్దెకు వచ్చేవాళ్లు మొదటి రోజు అన్నిటికీ సరేనంటారు. ఈయన మాత్రం మాట నిలబెట్టుకున్నాడు.

సెలవు రోజుల్లో ఆయన కూడా కిందికి వచ్చి తినేవాడు. ఒక ఆదివారం నేను అడిగాను.

"సారూ, అంత పెద్ద పిల్లలకు ఇంకా రాసుడు నేర్పుడేంది? చిన్నప్పుడు నేర్వలేదా?"

"అక్షరాలు నేర్చిన్రమ్మా, రాసుడు నేర్వలే," అన్నాడు. "పరీక్షకు రాస్తే ఒక్కడు చదువుతడు. ఆ ఒక్కడు గూడ జీతానికి చదువుతడు. పదిమంది చదువుతరని తెలిస్తే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకొని రాస్తడు."

అందుకని ఆయన ఇంటర్నెట్‌లో క్లాసు పేరు మీద ఒక పేజీ పెట్టించాడట. వారానికొకసారి ఒక్కొక్కరు ఒక్కో ముచ్చట రాసి అందులో పెట్టాలి. కింద ఖాళీ జాగా ఉంటుంది, ఏ దేశం వాడైనా చదివి తన మాట అక్కడ రాసిపోవచ్చు.

"అంటే మనోళ్లు గోడల మీద రాస్తరు సూడు, గట్లనా?"

"గట్లనే. గాని దీనికి సున్నం కొట్టరాదు."

మొదటి నెల అందరూ అందరికీ "చాలా బాగుంది" అని రాశారట. సారు తల పట్టుకున్నాడు. "పెండ్లి బంతిల నుంచి లేసినంక చెప్పినట్టు చెప్తున్నరమ్మా. మొగం మీద బాగలేదని ఎట్లంటం సార్ అంటున్నరు," అన్నాడు. అప్పుడు కొత్త రూలు పెట్టాడు. బాగుంది అని రాయకూడదు. చదివినవాళ్లు ఒక ప్రశ్న అడగాలి. రాసినవాడు చెప్పకుండా వదిలేసిన సంగతి ఏదో, దాన్నే అడగాలి. రాసినవాడు వచ్చే వారం లోపల పోయి, చూసి, కనుక్కుని జవాబు రాయాలి. ఊహించి రాస్తే ఒప్పుకోడు.

"మా నల్లా కాడ నీళ్లు పట్టే ఆడోళ్లు చేసేది గదే గద సారూ," అన్నాను. "ఎవ్వలూ ఎవ్వలనూ మెచ్చుకోరు. ఒకటే అడుగుడు."

"అందుకే మీకు అన్ని ముచ్చట్లు వస్తయి," అన్నాడు ఆయన. వెక్కిరించాడో ఏమో తెలియదు, నవ్వలేదు.

క్యాంపస్‌లో కంప్యూటర్ల గది పొద్దున పూట వేరేవాళ్లది. వీళ్ల వంతు రెండింటికి వచ్చేది. కాబట్టి క్లాసులో కొందరు మధ్యాహ్నం పూట మా మేడ మీదికి వచ్చి చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. పక్కన చిల్లులున్న పొడుగు కాగితాల మీద అచ్చేసిన ముచ్చట్లు ఒకరి చేతి నుంచి ఇంకొకరికి పోయేవి. పెన్సిలుతో ప్రశ్నలు రాసుకుని, రెండింటికి క్యాంపస్‌కు నడిచిపోయి వాటిని మిషన్లో కొట్టేవాళ్లు. ఇంటర్నెట్ అంటే నాకు ముందుగా తెలిసింది మేడ మీది నుంచి రాలే పెన్సిలు పొట్టు. సాయంత్రం ఊడ్చేది నేనే.

ఆ క్లాసు పిల్లల్లో ఒకతను మా మెస్సులో తినేవాడు. వరంగల్ దిక్కు నుంచి వచ్చిన రైతుల బిడ్డ, ఎం.ఏ. చదివేవాడు. గోడవారగా కూర్చుని తినేవాడు. రెండేళ్లలో నాతో అన్న మాట ఒక్కటే, "చాలు పెద్దమ్మా." మూడు వారాలు ఏమీ రాయలేదని సారు అతన్ని మెట్ల మీదే నిలబెట్టి చెప్పడం నేను విన్నాను.

"పెద్ద పెద్ద సంగతులు ఎందుకయ్యా నీకు? రోజూ కండ్ల ముందర ఉండేది రాయి."

అతనికి రోజూ కళ్ల ముందర ఉండేది ఏమిటో సారు ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

పది రోజులు గడిచాయి. మా మెస్సులోనే ఇంకొకడు ఉండేవాడు, హబ్సిగూడ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. నోరు ఊరుకోదు. కంచం ముందు కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"ఆంటీ, మీ చారు గురించి ఇంటర్నెట్ల రాసిన్రు తెలుసా?"

"మంచిగనా?"

"మస్తు కామెంట్లు వచ్చినయ్ ఆంటీ. ఆ క్లాసుల ఎవ్వలకూ అన్ని రాలే."

"మంచిగనా అంటున్న."

వాడు కంచంలోకి చూసి, "కొంచెం అన్నం వెయ్యిరి," అన్నాడు. వాడు అంత తక్కువ మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు అందరూ తిని వెళ్లాక వరంగల్ పిల్లవాణ్ణి కూర్చోబెట్టాను. నా ముందు చేటలో బియ్యం పోసుకున్నాను.

"రాసింది తెచ్చినవా?"

"తెచ్చిన."

"చదువు."

కాగితం చూస్తే ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. మిషన్‌కు తెలుగు రాదట. అట్లా నాకు రెండు రకాలుగా చదువు రాకుండా పోయింది. అతను గొంతు సవరించుకుని చదివాడు. మా మెస్సులో చారు తేటగా, తేలికగా ఉంటుందని, వేడివేడిగా పోస్తారని, గిన్నెలు శుభ్రంగా మెరుస్తాయని విన్నాను. ఇందులో కామెంట్లు పెట్టేంత ఏముందా అనుకున్నాను.

"రేపు ఇంకోసారి చదువు," అన్నాను.

మర్నాడు మళ్లీ చదివాడు. ఈసారి చారు తేలికగా ఉంది, తేటగా లేదు. గిన్నెలు మెరవడం చివరికి పోయింది. మధ్యలో కరివేపాకు వచ్చింది.

"నిన్న కరివేపాకు లేకుండె," అన్నాను.

అతను కాగితం మడిచాడు. అచ్చేసిన కాగితం రాత్రికి రాత్రి మారదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఇద్దరం కాసేపు బియ్యంలో రాళ్లు చూశాం.

అప్పుడే మేడ మీది నుంచి కళ్లద్దాల పిల్ల ఒకతె నీళ్ల కోసం దిగింది. ఆ క్లాసు పిల్లే. లేడీస్ హాస్టల్లో ఉండేది. నీళ్లిచ్చి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాను.

"చదువు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు."

ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చదివింది. ఇది మాత్రం ఒక్కసారే విన్నాను, ఇప్పటికీ చెప్పగలను:

"మా మెస్సులో చారు పోసుకున్న గిన్నె అడుగు కనిపిస్తుంది. అడుగున ఆ గిన్నె పెళ్లికి ఇచ్చినవాళ్ల పేరు కొట్టించి ఉంటుంది. చారులోంచి పేరు చదవచ్చు, ఊరు చదవచ్చు. కొంచెం వంగితే పెళ్లి తేదీ కూడా చదవచ్చు. ఈ ఏడు నేను చదివినవాటిలో పూర్తిగా అర్థమైంది అదొక్కటే."

కళ్లద్దాల పిల్ల చదవడం ఆపి నా మొహం చూసింది. గోడవార పిల్లవాడు నేల చూశాడు.

"నీళ్లు చాలా బిడ్డా?" అన్నాను ఆ పిల్లతో.

వాళ్లు వెళ్లాక గిన్నె నిండా చారు పోసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. మా చిన్నాయన పేరు కనిపించింది. ఊరు కనిపించింది. తేదీ కోసం వంగనక్కర్లేకపోయింది. అబద్ధం రాశాడని తిడదామనుకున్నదాన్ని, ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన కాళ్లు కడుక్కుంటూ విని, "పేరు కనవడ్తే మంచిదే గద, గిన్నె ఎవ్వలతోనీ మారిపోదు," అన్నాడు.

కారణం నాకు అంతుపట్టలేదు. పప్పు కొలత అదే, కుండ అదే. పైగా కొన్ని వారాలుగా రోజూ చారు మిగులుతోంది. పెరట్లో మునగచెట్టు మొదట్లో పోస్తున్నాను. మిగిలిందంటే నచ్చక వదిలేస్తున్నారనే కదా. పప్పు కల్తీ అనుకుని దుకాణం మార్చాను. పాత దుకాణం షావుకారు తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు. కొత్త పప్పుతో వండాను. అయినా మా చిన్నాయన పేరు కనిపిస్తూనే ఉంది.

ఆ నెలలో ఇద్దరు మానేశారు. మెయిన్ రోడ్డు మీది మెస్సుకు పోయారని తెలిసింది. క్యాంపస్‌లో మా ఇంటికి "అడుగు మెస్" అని పేరు పెట్టారని స్కూటర్ పిల్లవాడు చెప్పాడు, అడగకపోయినా. కొత్తగా చేరదామని ఇద్దరు వస్తే, ఒకడు కూర్చోకముందే గిన్నె ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. రేపు చెప్తామని వెళ్లారు. నాకు చదువు లేదు, నౌకరి లేదు. మా ఆయన పేరు వర్క్‌షాపు రిజిస్టర్లో ఉంది, సారు పేరు కాలేజీ బోర్డు మీద ఉంది. తార్నాకలో నాకంటూ ఉన్న పేరు ఆ అన్నం పెట్టే గది ఒక్కటే. అది పోతే నేను పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు.

శనివారం సారు కామెంట్ల కాగితం పట్టుకుని దిగాడు. మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"నేనే రాయమన్నమ్మా. తప్పు నాది."

"ఏం రాసిన్రో చదువుండ్రి సారూ."

చదివాడు. అన్నీ ప్రశ్నలే, ఆయన రూలు ప్రకారం. ఎంతమంది తింటారు? చారు పలచగా ఉందని ఆమెతో ఎప్పుడైనా చెప్పావా? వండిన ఆమె ఆ చారే తింటుందా? నీళ్లు ఎంత పోయాలో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఈ చివరిది కళ్లద్దాల పిల్లది. ఏదో దేశంలో ఉన్న మనిషి కూడా రాశాడట, తాను చదువుకునే రోజుల్లో తార్నాకలోనే తిన్నాడట. ఆయన ప్రశ్న చిన్నది. ఆ మెస్ ఇంకా ఉన్నదా?

ఆ ప్రశ్నకు జవాబేమిటో నాకే సరిగ్గా తెలియలేదు.

సోమవారం పదకొండింటికి వరంగల్ పిల్లవాడు నోట్‌బుక్ పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర గొంతుకూర్చున్నాడు.

"సారు పంపిండా?"

"ప్రశ్నలు పంపినయ్ పెద్దమ్మా."

"అడుగు మరి."

"నీళ్లు ఎంత పోస్తవ్?"

"లెక్క ఉన్నది. కూసో, సూపిస్త."

పప్పు మెదపడం చూశాడు, పులుసు మరగడం చూశాడు, తాలింపు చూశాడు. ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. పన్నెండున్నర అయింది. నేను నడవలోకి తొంగి చూసి లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఇద్దరు మానేశాక పదిమందికే వండుతున్నాను కాబట్టి తొమ్మిది ఎక్కువ. గ్లాసు తీసుకుని మరిగే నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

"ఆగు పెద్దమ్మా. ఏం లెక్కవెట్టినవ్?"

"చెప్పులు. పదికి పైన తొమ్మిది జతలు. తొమ్మిది గ్లాసులు."

అతను లేచి గడప దాకా వెళ్లాడు. ఒక్కో జతా వంగి చూశాడు. వెనక్కి వచ్చాడు.

"పెద్దమ్మా, గవి తినేటోళ్లయి కావు."

"మరెవ్వలయి?"

"పైన కూసున్నోళ్లయి. మా క్లాసోళ్లయి."

"ఆళ్లు తినరా?"

"హాస్టల్ల తినొస్తరు."

నా చేతిలో నాలుగో గ్లాసు ఉంది. నా మాట నమ్మండి, అన్నం వేళకు ఒక ఇంటికి వచ్చి అన్నం తినకుండా మెట్లెక్కే మనుషులుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. నేను వడ్డించి వంటింట్లోకి వచ్చాక వంతులవారీగా తామే పెట్టుకుని, కింద తిని పైకి పోతున్నారనే అనుకున్నాను. మెట్ల మీద చెప్పులు వద్దన్నది నేనే. గడప పక్కన విడవమన్నది నేనే. జతకొక గ్లాసు పోసింది నేనే. సారు తోలు చెప్పులు కూడా తన వంతుగా రోజూ ఒక గ్లాసు పోయించుకుంటూనే ఉన్నాయి.

గ్లాసు పెట్టేసి మెట్ల దగ్గరికి వెళ్లి పైకి పిలిచాను. ఒక్కొక్కరే దిగారు. ఎనిమిది మంది పిల్లలు, వెనక సారు.

"ఎవ్వల చెప్పుల కాడ ఆళ్లు నిలవడుండ్రి."

నిలబడ్డారు. డిగ్రీలు పాసైన పిల్లలు, ఎందుకని ఒక్కరూ అడగలేదు.

"తినే యాళ్లకు రోజూ పైన ఏం జేస్తున్నరు మీరు?"

కళ్లద్దాల పిల్ల జవాబు చెప్పింది. ఆ పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వచ్చు.

"చారు గురించి కామెంట్లు రాస్తున్నం ఆంటీ."

ముందు గదిలో తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. స్కూటర్ పిల్లవాడికి పొరపోయింది. ఎవరో నెత్తి మీద తట్టారు. సారు గోడ గూట్లో అమ్మవారి పటం వైపు చూస్తూ ఉండిపోయాడు, తప్పు ఆమెదేమో అన్నట్టు.

చివరికి ఆయనే అన్నాడు. "ఇది రాయాలె."

"వద్దు సార్," అన్నాడు వరంగల్ పిల్లవాడు. "రాస్తే మనమే పాగల్‌గాళ్లమైతం."

"ప్రశ్న అడిగిన్రు. పోయి కనుక్కున్నవ్. జవాబు రాయాలె."

నాకు ఊపిరి తిరిగింది. రాయనీ, నా చారు తప్పేమీ లేదని దేశదేశాలకు తెలియనీ అనుకున్నాను. ఆ సంతోషం అరగంట నిలిచింది. అందరూ తిని వెళ్లాక ఆ పిల్లవాడు మళ్లీ నోట్‌బుక్ తెరిచాడు.

"ఇంకొకటి మిగిలింది పెద్దమ్మా. ఈ చారే నువ్వు గూడ తింటవా?"

నేను పొయ్యి తుడుస్తున్నాను. తుడిచిందే తుడిచాను.

"తినను," అన్నాను.

"మిగలదనా?"

"మిగిలినా తినను. నాకు చారు పడదు. చిన్నప్పటి సంది అంతే. మామిడికాయ తొక్కేసుకుని తింట, ఇన్ని మజ్జిగ పోసుకుంట."

అతని పెన్సిలు ఆగింది. నాకు అప్పుడు అర్థమైంది. నీళ్లు పోసే మెస్ అంటే జనం నవ్వుకుంటారు. వండిన మనిషే తినని మెస్ అంటే నవ్వుకోరు, మానేస్తారు.

"గది రాయకు బిడ్డా."

అతను నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకున్నాడు. రెండేళ్లు "చాలు" తప్ప ఇంకో మాట అనని పిల్లవాడు, ఆ రోజు మెల్లగా ఇట్లా అన్నాడు.

"మొదలు నేను మార్చి చదివిన, నువ్వు పట్టుకున్నవ్. నాకు సిగ్గయింది పెద్దమ్మా. ఇప్పుడు ఇడిచిపెట్టి రాస్తే గా కండ్లద్దాల పిల్ల పట్టుకుంటది. పట్టుకోకున్నా నాకు తెలుస్తది గద."

కరివేపాకు కూడా పోనివ్వకుండా పట్టుకున్న మనిషిని నేను. ఇప్పుడు ఏ మొహంతో అనాలి? గుడ్డ పిండి ఆరేశాను.

"రాసుకో. గాని రుచి సూడకుంట ఎట్ల వండుతదో గది గూడ రాయి."

"ఎట్ల వండుతవ్?"

"వాసన వట్టి. ఉప్పు తక్కువైతే పొంగు వాసన వేరే ఉంటది."

ఉప్పుకు వాసన ఉండదని కొందరంటారు. వాళ్లు వండరు.

శుక్రవారం అతను రాసింది తెచ్చి చదివాడు. చెప్పులు రాశాడు, గ్లాసులు రాశాడు, కామెంట్లు రాసేవాళ్ల చెప్పుల వల్లే చారు పలచనైందని రాశాడు. కరివేపాకు సంగతి, తాను మార్చి చదివిన సంగతి కూడా రాశాడు. దాన్ని ఎవరూ అడగలేదు. చివర్న, వండిన మనిషి ఆ చారు తినదని, పన్నెండేళ్లుగా వాసన చూసే ఉప్పు వేస్తోందని రాశాడు. మర్నాడు కళ్లద్దాల పిల్లతో చదివించాను. ఒక్క మాట తేడా లేదు.

"నేను గూడ కామెంటు రాస్త," అన్నాను ఆ పిల్లతో.

"రాయండి ఆంటీ. గాని ప్రశ్న అడగాలె. రూలు."

మరుసటి వారం ఆ పిల్ల వెంట క్యాంపస్‌కు నడిచాను. పన్నెండేళ్లు ఆ పిల్లలకు అన్నం పెట్టాను గానీ వాళ్లు చదివే చోటు లోపలికి పోవడం అదే మొదలు. రోడ్డంతా చెట్లు, రాతి భవనాలు, కింద పడ్డ పూలు ఊడ్చే ఆడవాళ్లు. కంప్యూటర్ల గది బయట చెప్పులు విడవాలని బోర్డు ఉందట. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదకొండు జతలు. లోపల చల్లగా ఉంది, పదకొండు మందీ ఉన్నారు, ఒక్కరి ముందూ కంచం లేదు. అట్లాంటి ఇళ్లు కూడా ఉంటాయని ఈసారి తెలిసే వెళ్లాను.

తెర మీద ముచ్చట మెల్లగా పైనుంచి కిందికి దిగింది, గోడకు సున్నం దిగినట్టు. అంతా వచ్చేదాకా నిలబడ్డాం. నేను చెప్పాను, ఆ పిల్ల కొట్టింది:

"రాసింది నిజమే. నేను చారు తినను. మీలో ఎందరు రేపు తింటరో ఇవాళనే చెప్తరా?"

"ఇంతేనా ఆంటీ?"

"ఇంతే. ఆ దేశంల ఉన్నాయనకు ఉన్నది అని రాయి."

మొదటి ముచ్చటకు పేజీ నిండా కామెంట్లు వస్తే, ఈ రెండోదానికి మూడే వచ్చాయి. అందులో ఒకటి నాది. నిజం అంతా రాస్తే అడగడానికి ఏమీ మిగలదని సారు చెప్పాడు. కావచ్చు. జవాబు మాత్రం ఆ దేశంలో ఉన్నాయన దగ్గర్నుంచే వచ్చింది. తాను చదివే రోజుల్లో రోజూ ఒక స్నేహితుణ్ణి చెప్పకుండా తీసుకొచ్చేవాడట, ఆ నీళ్లలో తన వంతు కూడా ఉందని ఇప్పుడు తెలిసిందట. మా ఇల్లో వేరే ఇల్లో నాకు తెలియదు. నేను కాదనలేదు.

అమ్మవారి పటాన్ని గూట్లోంచి తీసి దేవుడి గదిలోకి మార్చాను. పిల్లలు ఇక చెప్పులు పై మెట్టు మీద విడిచేవాళ్లు. చారు చిక్కబడింది. మునగచెట్టు కొంచెం నీరసపడింది. మానేసిన ఇద్దరిలో ఒకడు తిరిగి వచ్చాడు. రెండోవాడు రాలేదు, రోడ్డు మీది మెస్సులో ఫ్యానుందట. గిన్నె వెలుతురుకు పట్టి చూసిన కొత్తవాళ్లు ఉప్పు వాసన పరీక్ష చేద్దామని వచ్చారు. వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. నేను గరిట ముట్టకుండా పొంగు మీద తల వంచి, చిటికెడు వేసి దించాను. తిన్నారు. ఒకడు చేరాడు. రెండోవాడు ఉప్పు ఎక్కువైందన్నాడు. వాడికి ఇప్పటికీ చెప్తాను, ఎక్కువ కాలేదు.

వరంగల్ పిల్లవాడు ఆ ఏడంతా ప్రతి వారం రాశాడు. రాసింది ముందు వంటింట్లో చదివేవాడు. నేను బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. అతను చెప్పకుండా వదిలేసింది ఏదో అదే అడిగేదాన్ని. చదువైపోయి వెళ్లే రోజు ఒక స్టీలు గిన్నె తెచ్చిచ్చాడు. అడుగున తన పేరు, ఊరు కొట్టించాడు. ఆ గిన్నెలో చారు పోసి నేను ఎప్పుడూ వెలుతురుకు పట్టి చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

ఇదీ సంగతి. చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప ముందు ఎప్పుడూ ఇంటివాళ్ల జతలకంటే నాలుగు జతలు ఎక్కువుండాలి, ఆ నాలుగు జతలవాళ్లూ లోపలికి వచ్చి తినిపోవాలి. మీ గిన్నెల అడుగున పేర్లు మాత్రం, తల్లీ, కడిగేటప్పుడే కనిపించాలి.